తల ఎత్తి వీపు దించేసే గుర్రం: కారణం వెతికిన డైరీ

చుక్క తొమ్మిదేళ్ల ఆడగుర్రం, మూపు దగ్గర ఎత్తు 155 సెం.మీ. ఎవరూ ఎక్కనప్పుడు హాయిగా తిరుగుతుంది. సవారీలో వాక్ (మామూలు నడక), ట్రాట్ (చిన్న పరుగు), క్యాంటర్ (దౌడు) అనే మూడు గతుల్లో, వాక్ నుంచి ట్రాట్‌కి, ట్రాట్ నుంచి క్యాంటర్‌కి మారమంటే చాలు, మెడ నిటారుగా లేస్తుంది, ముక్కు ముందుకు పొడుచుకొస్తుంది, జీను కింద వీపు దిగిపోతుంది, వెనక కాళ్లు ఈడ్చుకొస్తాయి. ఇంకా అడిగితే నోరు తెరుస్తుంది, లేదా నిలబడి మొరాయిస్తుంది.

"పొగరు" అన్నవాళ్లున్నారు, "బద్ధకం" అన్నవాళ్లున్నారు, కళ్లెం మార్చమన్నవాళ్లున్నారు. పొగరుని కొలిచే మార్గం లేదు. కాబట్టి కొలవడానికి వీలున్నవాటితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే మారుస్తూ, ఏది మారిస్తే ఎంత తగ్గిందో రాసుకుంటూ వెళ్లాను. ఇదే బాధ పడుతున్నవాళ్లు ఈ క్రమాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. తేలకుండా పోయిన దారుల్ని కూడా తీసేయకుండా ఉంచాను.

దశ 1: ముందు కొలత

సామాను: ట్రైపాడ్ మీద ఫోను, టేపు, ఇసుక చదును చేసే దంతె, చాక్‌పీసు, అట్టముక్కలు, వంచితే వంగి అలాగే నిలిచిపోయే ఫ్లెక్సిబుల్ స్కేలు, నోటుబుక్కు.

ప్రతిసారీ ఒకే పరీక్ష:

1. వదులు పగ్గాలతో పది నిమిషాలు వాక్.
2. 20 మీటర్ల వలయంలో ఎడమవైపు తిరుగుతూ వాక్ నుంచి ట్రాట్‌కి 6 మార్పులు, ట్రాట్ నుంచి క్యాంటర్‌కి 4.
3. కుడివైపు కూడా అంతే.
4. చదును చేసిన ఇసుక మీద నేరుగా వాక్. ముందు డెక్క గుర్తుకీ అదే వైపు వెనక డెక్క గుర్తుకీ మధ్య దూరం టేపుతో. వెనక డెక్క దాటి పడితే ప్లస్, అందుకోకపోతే మైనస్. వరసగా ఐదు అడుగుల సగటు.

ఒక మార్పులో తల ఎగరేసినా, నోరు తెరిచినా, అడిగాక మూడు అడుగులు దాటినా మారకపోయినా దాన్ని ఒక మొరాయింపుగా లెక్కేశాను. ఒకే మార్పులో మూడూ జరిగినా ఒకటే. సవారీ చేస్తూ లెక్కపెట్టలేం, వీడియో చూసి వేసిన లెక్కలివి. కెమెరా ఎప్పుడూ ఒకే చోట, ఒకే ఎత్తులో ఉండాలి. కోణం మారితే తల ఎత్తు కూడా మారినట్టు కనిపించి మోసం చేస్తుంది.

దీనితోపాటు, 2018లో పశువైద్య పరిశోధకురాలు సూ డైసన్, ఆమె బృందం ప్రచురించిన సవారీ గుర్రాల నొప్పి పట్టిక కూడా పెట్టుకున్నాను. అందులో 24 ప్రవర్తనలు ఉంటాయి: చెవులు వెనక్కి పెట్టి ఐదు సెకన్లకి పైగా ఉంచడం, పళ్లు విడిపోయేలా నోరు తెరవడం, తోక కొట్టడం, తల పక్కకి వంచడం, వెనక కాళ్ల గిట్టలు ఈడ్వడం, క్యాంటర్‌లో పదేపదే కాలు మార్చుకోవడం, ఇలాంటివి. వాటిలో 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే ఒంట్లో ఎముకలకో కండరాలకో సంబంధించిన నొప్పి ఉండే అవకాశం బాగా ఎక్కువ. నొప్పి ఎక్కడుందో ఆ పట్టిక చెప్పదు. కానీ "ఇది మొండితనమా, నొప్పా" అన్న వాదన అక్కడితో ఆగుతుంది.

*లెక్క:* ఎడమ 6/10, కుడి 9/10, మొత్తం 15/20. అడుగు: ఎడమ +5 సెం.మీ., కుడి +1 సెం.మీ. నొప్పి పట్టిక: 9/24.

తొమ్మిది చూశాక శిక్షణ ఆపేశాను. కొలత కోసం తప్ప ఎక్కడం లేదు.

దశ 2: ఒక్కొక్కటే తీసేసి చూడటం

ఇదే పరీక్షని పొడవు తాడు మీద, మనిషి లేకుండా చేశాను. ముందు వట్టి వీపుతో, తర్వాత జీను కట్టి.

- వట్టి వీపు: ఎడమ 1, కుడి 4. మొత్తం 5/20.
- జీను మాత్రమే: ఎడమ 3, కుడి 6. మొత్తం 9/20.
- జీను, మనిషి: 15/20.

మెట్లు మెట్లుగా పెరిగింది. జీను వల్ల కొంత, మనిషి వల్ల కొంత. వట్టి వీపుతో కూడా కుడివైపు నాలుగు ఉండటం మాత్రం జీనుతోనూ మనిషితోనూ తేలే విషయం కాదు. దాని పక్కన ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంచుకున్నాను.

భారం పడితే ఏ గుర్రం వీపైనా కొంత దిగుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2004లో వచ్చిన ఒక డచ్ పరిశోధనలో జీను మీద 75 కిలోల సీసం పెట్టి నడిపిస్తే గుర్రాల వెన్ను మొత్తంగా కిందికి వంగినట్టు తేలింది. సీసానికి చేతులు లేవు, పగ్గాలు లాగదు, అయినా వీపు దిగింది. కాబట్టి మనిషి ఎక్కాక సున్నా రావాలని ఆశపడకూడదు. దిగిన వీపుని గుర్రం మళ్లీ ఎత్తుకోగలుగుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పొట్ట కండరాలు బిగిసి, వెనక కాలు ఒంటి కిందికి బాగా చొచ్చుకొస్తే వీపు పైకి లేస్తుంది. తల పైకెత్తి, వీపు మీది పొడవు కండరాలు బిగించేస్తే కిందికే పోతుంది. వీటిలో ఒకటి ఎందుకు చేయలేకపోతోందో కనుక్కోవాలి.

దశ 3: నోరు

తల ఎగరేసే గుర్రానికి అందరూ ముందు చూసేది నోరే, నేనూ అక్కడే మొదలుపెట్టాను. పశువైద్యుడు నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి లైటుతో లోపలిదాకా చూశారు. గుర్రానికి పై దవడ పళ్లకి బుగ్గవైపు, కింది దవడ పళ్లకి నాలుకవైపు అంచులు పదునెక్కుతుంటాయి. చుక్కకి పై అంచులు గోకి రెండు బుగ్గల్లోనూ చిన్న పుళ్లు పడ్డాయి. అంచులు అరగదీశారు. కళ్లెం తగిలే చోట కొందరి గుర్రాలకి ఉండే చిన్న వుల్ఫ్ పన్ను దీనికి లేదు.

పుళ్లు మానేదాకా నోట్లో ఏమీ పెట్టలేదు. తర్వాత ముక్కు పట్టీని వదులు చేశాను. ముక్కు ఎముక మీద, సరిగ్గా మధ్యలో, రెండు వేళ్లు పడుకోబెట్టినంత సందు ఉండాలి. చాలామంది పట్టీ పక్కన వేళ్లు పెట్టి చూస్తారు. అక్కడ మెత్తగా ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా వేళ్లు దూరిపోతాయి.

*లెక్క:* ఎడమ 5, కుడి 8, మొత్తం 13/20. నొప్పి పట్టిక: 8/24.

నోరు తెరవడం దాదాపు పోయింది, తల ఎగరేయడం అలాగే ఉంది.

కళ్లెం మార్చి చూసిన కథ కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మందంగా, మెత్తగా ఉండే రబ్బరు కళ్లెం వేస్తే మొదటి సవారీలోనే లెక్క 8/20కి పడిపోయింది. తర్వాతి సవారీల్లో 11, ఆపైన మళ్లీ 13. కొత్త వస్తువు నోట్లోకి రాగానే గుర్రం దాన్ని నములుతూ, ఆలోచిస్తూ కాసేపు మెత్తబడుతుంది. అది ఉపశమనం కాదు, కొత్తదనం. పైగా మందం ఎక్కువైతే సుఖమనేది అన్ని నోళ్లకీ వర్తించదు. నాలుకకీ అంగిలికీ మధ్య ఖాళీ చాలా తక్కువ, మందపాటి కళ్లెం అక్కడ ఇరుకు చేస్తుంది. పాత కళ్లెమే మళ్లీ వేశాను.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ మార్పు చేసినా మొదటి రెండు సవారీల లెక్క రాసుకోవాలి గానీ నమ్మకూడదు. మూడోదాన్నే పట్టికలోకి ఎక్కించాలి.

దశ 4: తల కట్టేస్తే ఏమవుతుంది

గర్త్ (జీనుని పొట్ట కింద బిగించే పట్టీ) నుంచి కళ్లెం రింగుల గుండా చేతికొచ్చే డ్రా రెయిన్స్ వాడమని ఇద్దరు చెప్పారు. దీన్ని ఒక్కసారి కొలిచి చూపిస్తే చాలనిపించి, అనుభవమున్న శిక్షకురాలితో తక్కువసేపు చేయించాను.

తల కిందికొచ్చింది. దూరం నుంచి చూసేవాళ్లకి గుర్రం బాగుపడినట్టే ఉంటుంది. ఇసుక మీద టేపు పెడితే మాత్రం అడుగు ఎడమ 0, కుడి −4 సెం.మీ. అంటే తల దిగింది, వీపు దిగే ఉంది, వెనక కాళ్లు ఇంకా వెనకబడ్డాయి. తోక కొట్టడం పెరిగింది.

తల ఎక్కడుందన్నది ఫలితం, కారణం కాదు. ఫలితాన్ని తోలుపట్టీతో కట్టేస్తే కారణం లోపలే ఉండిపోతుంది, గుర్రానికి చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఆ పట్టీలు తీసి లోపల పెట్టేశాను.

దశ 5: జీను

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా నిలబెట్టి, కింద గుడ్డ లేకుండా జీను పెట్టి ఇవి చూడాలి:

1. జీను లోపలి గట్టి చట్రం ముందు కొనలు భుజపు రెక్క ఎముకకి రెండు వేళ్లు వెనక ఉండాలి.
2. మూపుకీ జీనుకీ మధ్య పైన రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి, మనిషి ఎక్కాక కూడా.
3. కింది రెండు ప్యానెళ్ల (వీపు మీద ఆనే మెత్తలు) మధ్య కాలువ ముందునుంచి వెనకదాకా వెన్నెముకకి తగలనంత వెడల్పు ఉండాలి. నేను నాలుగు వేళ్లు కొలతగా పెట్టుకున్నాను.
4. అరచెయ్యి ప్యానెల్ కింద ముందునుంచి వెనక్కి జరిపితే ఒత్తిడి ఒకేలా ఉండాలి.
5. ప్యానెల్ చివరి పక్కటెముకని దాటి నడుం మీదికి పోకూడదు. గుర్రానికి సాధారణంగా 18 జతల పక్కటెముకలు. చివరిదాన్ని డొక్క దగ్గర వేలితో పట్టుకుని పైకి వెన్నుదాకా చాక్‌పీసుతో గీత గీస్తే హద్దు దొరుకుతుంది.

చుక్క జీనులో తేలినవి: ముందు బిగుతు. మధ్యలో నా చెయ్యి ఏ అడ్డూ లేకుండా జారిపోయింది, వెనక మళ్లీ బిగుతు. అంటే జీను రెండు కొసల మీదే ఆని, మధ్యలో వంతెనలా లేచి ఉంది. కాలువ వెనకవైపు రెండు వేళ్లకి కుంచించుకుపోయింది. పొడవు మాత్రం సరిపోయింది.

భుజం దగ్గర బిగుతు ఎంతో తెలియాలంటే ఇలా చేయండి. జీను ముందు అంచు కింద అరచెయ్యి పెట్టి ఉంచండి. ఇంకొకరు ఆ వైపు ముందు కాలుని మెల్లగా ముందుకి చాపాలి. కాలు ముందుకి వెళ్లేకొద్దీ రెక్క ఎముక పైకొస వెనక్కి తిరిగి మీ చెయ్యి మీదికి వస్తుంది. నా వేళ్ల కణుపులు ఎముకకీ చట్రానికీ మధ్య చిక్కుకుని, కాలు దించేదాకా బయటికి రాలేదు. చుక్క వేసే ప్రతి అడుగులో రెండు భుజాలకీ జరుగుతున్నది ఇదే.

సవారీ తర్వాత జీను తీసి చూస్తే వీపంతా చెమటతో తడిసి ఉంది, భుజాల వెనక అరచేతి వెడల్పున రెండు పొడి మచ్చలు. పొడిగా ఉందంటే జీను అసలు తగలడం లేదనైనా అర్థం, చెమట కూడా పట్టనంతగా ఒత్తుతోందనైనా అర్థం. చేత్తో చూడకుండా మచ్చ ఒక్కదాన్ని చూసి తేల్చకూడదు. ఇక్కడ ఒత్తుతోందని ముందే తెలుసు. అదే చోట నాలుగైదు తెల్ల వెంట్రుకలు కూడా ఉన్నాయి. గోధుమరంగు ఒంటి మీద మొలిచిన తెల్ల వెంట్రుక పాత ఒత్తిడి దెబ్బకి గుర్తు.

ఫ్లెక్సిబుల్ స్కేలుతో మూడు చోట్ల అచ్చు తీశాను: రెక్క ఎముక వెనక, జీను లోతైన చోట, చివరి పక్కటెముక దగ్గర. అట్ట మీద గీసి, కత్తిరించి, తేదీ వేశాను. మొదటి అచ్చులోనే ఎడమ భుజం వైపు కండ కుడివైపు కంటే 1.5 సెం.మీ. ఎక్కువని తేలింది.

మందపాటి జెల్ ప్యాడ్ వేసి చూస్తే లెక్క 13 నుంచి 16కి పెరిగింది. ఇరుకైన చట్రం కింద మందం చేర్చితే ఇరుకు పెరగడమే గానీ తగ్గడం ఉండదు. జీను సరిపోకపోతే ప్యాడ్ కొనే ముందు ఈ అంకె చూడండి.

తర్వాత చట్రం వెడల్పైన, కాలువ సమంగా ఉన్న జీను అరువు తెచ్చాను. అచ్చుల్ని దాని లోపల పెట్టి చూశాకే తెచ్చాను.

*లెక్క (మూడో సవారీ):* ఎడమ 3, కుడి 6, మొత్తం 9/20. అడుగు: ఎడమ +7, కుడి +2. నొప్పి పట్టిక: 6/24.

ఇప్పటిదాకా 15 నుంచి 9. నోటి వల్ల 2, జీను వల్ల 4.

గర్త్ బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టి కొరకబోయే అలవాటుంటే పొట్టలో పుళ్లని అనుమానించాలి. తిన్నా తినకపోయినా గుర్రం పొట్టలో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, కాబట్టి గడ్డికి గడ్డికి మధ్య గంటల తరబడి విరామం మంచిది కాదు. సవారీకి ముందు కాస్త గడ్డి పెట్టడం అప్పటినుంచే మొదలుపెట్టాను. చుక్క చెవులు జీను మారగానే సర్దుకున్నాయి కాబట్టి ఎండోస్కోపీ దాకా వెళ్లలేదు. సర్దుకోకపోతే వెళ్లాల్సిందే, పుళ్లు ఉన్నాయో లేవో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

దశ 6: కుడివైపుకి జారే జీను

కొత్త జీనుతో కొత్త సంగతి బయటపడింది. జీను వెనక అంచు మధ్యలో తెల్ల టేపు ముక్క, చుక్క పిరుదు మధ్య ఎత్తు మీద చాక్‌పీసు గుర్తు పెట్టి వెనకనుంచి వీడియో తీస్తే, పావుగంటలో జీను 3 సెం.మీ. కుడివైపుకి జరిగింది. పాత జీను చర్మాన్ని పట్టుకుని బిగుసుకుపోయి ఉండటం వల్ల ఇది ఇన్నాళ్లూ దాగిపోయింది.

మూడు అనుమానాలు, విడివిడిగా మూడు పరీక్షలు:

1. ఎడమ భుజం పెద్దది కాబట్టి అది జీనుని కుడికి తోస్తోందా? కుడి ముందు ప్యానెల్ కింద పల్చటి ఫెల్టు ముక్క పెట్టి పూడ్చాను. జారుడు 3 నుంచి 2.5కి తగ్గింది. కారణమే, కానీ చిన్నది.
2. ఎక్కిన మనిషి కుడికి వాలుతున్నారా? శిక్షకురాలు ఎక్కారు. ఆమె నాకంటే తేలిక, రెండువైపులా సమంగా కూర్చుంటారు. జారుడు 2 సెం.మీ., అదే కుడికి.
3. వెనక కాలిలో ఏమైనా ఉందా?

మూడోది ఊరికే వచ్చిన అనుమానం కాదు. జీను ఎప్పుడూ ఒకేవైపు జారడానికి వెనక కాలి కుంటుకీ సంబంధం ఉందని సూ డైసన్ పనిచేసిన పరిశోధనల్లోనే తేలింది. జీను ఎక్కువగా కుంటు ఉన్న కాలి వైపే జారుతుంది. ఆ కాలికి మత్తిచ్చి నొప్పి తీసేస్తే చాలా గుర్రాల్లో జారుడు కూడా పోయింది.

ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. ట్రాట్‌లో లేస్తూ కూర్చుంటూ ఉన్నప్పుడు, మనం జీనులోకి కూర్చునే క్షణంలో నేల మీద ఉన్న వెనక కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. మామూలుగా వలయంలో లోపలి వెనక కాలు నేల మీద ఉన్నప్పుడు కూర్చుంటాం. ఎడమవైపు తిరుగుతూ కావాలని క్రమం మార్చి, కుడి వెనక కాలు నేల మీద ఉన్నప్పుడు కూర్చున్నాను. ఎడమవైపు లెక్క 3 నుంచి 6కి ఎగబాకింది. కుడివైపు తిరుగుతూ ఎడమ వెనక కాలి మీద కూర్చుంటే 6 కాస్తా 4కి దిగింది.

దశ 2లో ఎర్ర గీత గీసుకున్న కుడి నాలుగు ఇదే. కుడి వలయంలో లోపలి వెనక కాలు కుడిదే, ఒంటి కిందికి ఎక్కువగా చొచ్చుకొచ్చి బరువు మోయాల్సిందీ అదే.

ఇంకో సాక్ష్యం లాడాలు కొట్టే ఆయన ఇచ్చారు. ఊడదీసిన పాత వెనక లాడాలు రెండూ నా చేతిలో పెట్టి, "ఈ రెండూ ఒకే రోజు కొట్టినవేనండీ, మొన చూడండి" అన్నారు. ఎడమ లాడం మొన మందం 7 మి.మీ. ఉంది. కుడిది 4 మి.మీ., మొన గుండ్రం పోయి అడ్డంగా కోసినట్టు అరిగిపోయింది. కుడి వెనక కాలు ఎత్తి వేయాల్సినంత ఎత్తకుండా మొన ఈడుస్తోంది. పాత లాడాలు పారేయకుండా తేదీ కట్టి దాచుకోండి. వీడియోకి అందనిది అవి చూపిస్తాయి.

దశ 7: పశువైద్యుడి దగ్గర

వీడియోలు, అచ్చులు, లాడాలు, లెక్కల నోటుబుక్కు అన్నీ పట్టుకెళ్లాను. వరస ఇది:

1. గట్టి నేల మీద నేరుగా ట్రాట్, మనిషి లేకుండా. ఏమీ కనబడలేదు.
2. కుడి వెనక కాలు ఒక నిమిషం మడిచి పట్టుకుని వెంటనే ట్రాట్. మొదటి కొన్ని అడుగుల్లో తేడా కనిపించింది, తర్వాత సర్దుకుంది.
3. మనిషిని ఎక్కించి వలయంలో. కుడివైపు తిరిగేటప్పుడు స్పష్టంగా కనిపించింది.

"చేత్తో పట్టుకుని నేరుగా పరిగెత్తిస్తే కనిపించనంత మాత్రాన కుంటు లేదని కాదండీ, కొన్ని గుర్రాలు మనిషి ఎక్కితేనే బయటపెడతాయి" అన్నారు డాక్టరు గారు. రెండు కాళ్లూ సమానంగా నొప్పెడితే అసలు తల ఊపడం, కుంటడం కనిపించకపోవచ్చనీ, అడుగులు పొట్టివై గుర్రం నిస్సత్తువగా ఉన్నట్టు మాత్రమే అనిపిస్తుందనీ, ఒక కాలికి మత్తిచ్చాకే రెండో కాలు బయటపడుతుందనీ చెప్పారు. బద్ధకమని పేరుపడ్డ గుర్రాల్ని ఈ మాట తెలిశాక ఇంకోలా చూస్తున్నాను.

తర్వాత కుడి హాక్ కీలు, అంటే వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే పెద్ద కీలు, దాని కింది భాగంలోని చిన్న కీలులోకి మత్తు ఎక్కించి, కొంతసేపు ఆగి అదే పరీక్ష చేయించారు.

*లెక్క (మత్తులో):* ఎడమ 2, కుడి 2, మొత్తం 4/20. జీను జారుడు: అర సెం.మీ. లోపు. అడుగు: ఎడమ +9, కుడి +8.

అదే గుర్రం, అదే జీను, అదే మనిషి, అదే కళ్లెం. ఆ వీడియో పక్కన దశ 1 వీడియో పెట్టి చూస్తే రెండు వేరే గుర్రాలనుకుంటారు. మెడ తనంతట తానే దిగింది, ఎవరూ దించలేదు.

మత్తు నొప్పి ఎక్కడుందో చెబుతుంది, ఎక్స్‌రే అక్కడేముందో చూపిస్తుంది. ఎక్స్‌రేలో హాక్ కింది చిన్న కీళ్ల సందు తగ్గి, అంచులు గరుకెక్కి కనిపించాయి. కీళ్ల అరుగుదలే, స్పావిన్ అంటారు. ఆ కీళ్లు మామూలుగానే చాలా తక్కువ కదులుతాయి, అందుకే సరైన వైద్యం, పని పద్ధతి ఉంటే చాలా గుర్రాలు తేలికపాటి సవారీకి పనికొస్తాయని చెప్పారు. కీలులోకి మందు ఎక్కించారు. ఏ మందు, ఎంత అన్నది ఇక్కడ రాయను, అది గుర్రాన్ని చూసిన డాక్టరు తేల్చాల్సింది.

డెక్కల పని కూడా ఇందులో భాగమే. వెనక డెక్కల మొన పొడవెక్కి, మడమ కిందికి కుంగి ఉంది. అలా ఉంటే కాలు నేల వదిలేటప్పుడు డెక్క తిరగడానికి ఎక్కువ శ్రమ పడాలి, ఆ శ్రమ పైకీళ్ల మీద పడుతుంది. మొన కురచ చేసి, లాడం ముందు అంచుని గుండ్రంగా తిప్పి కొట్టారు. లాడాల విరామం 8 వారాల నుంచి 5 వారాలకి తగ్గించాం.

దశ 8: నొప్పి తగ్గింది, అలవాటు మిగిలింది

విశ్రాంతి, తర్వాత చేతితో పట్టుకుని నేరుగా వాక్, ఆపైన తేలిక సవారీ. డాక్టరు సరేనన్నాక పూర్తి పరీక్ష.

*లెక్క:* ఎడమ 3, కుడి 4, మొత్తం 7/20. అడుగు: ఎడమ +8, కుడి +6. నొప్పి పట్టిక: 4/24.

మత్తులో 4 వచ్చింది, వైద్యం తర్వాత 7. వీడియో మందగతిలో చూస్తే కారణం దొరికింది. కాలితో అడగకముందే, మనిషి ఊపిరి తీసుకుని సర్దుకోగానే తల లేస్తోంది. మార్పు అంటే నొప్పి అని ఒళ్లు నేర్చుకుంది, నొప్పి వచ్చేలోపే బిగుసుకుపోతోంది. దీనికి తోడు వీపుని ఎత్తి పట్టే కండరాలు ఇన్నాళ్లూ వాడక చిక్కిపోయాయి.

చేసిన పనులు, ఈ వరసలోనే:

1. సాగదీత. క్యారెట్ ముక్క చూపించి గడ్డాన్ని ఛాతీకి, ముందు మోకాళ్ల మధ్యకి, ముందు కాళ్ల కింది కణుపుల దాకా, ఆపైన రెండు పక్కలా డొక్కకి, తొడకి. ప్రతి భంగిమా కొన్ని సెకన్లు, ఐదేసి సార్లు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో మూడు నెలలపాటు ఈ సాగదీతలు చేయించిన గుర్రాల్లో వెన్నుని ఆనుకుని ఉండే మల్టిఫిడస్ కండరం పెరిగినట్టు స్కానింగ్‌లో తేలింది. ఇందులో సవారీ అవసరం లేదు, అందుకే నాకు ఇది అన్నింటికంటే నచ్చింది.
2. నేల మీద కర్రలు, చేతితో పట్టుకుని వాక్. చుక్క ఎత్తుకి 80 నుంచి 85 సెం.మీ. ఎడం కుదిరింది. ట్రాట్‌కి 125 నుంచి 130. ఎడం మరీ ఎక్కువైతే తల ఎత్తి దూకుతుంది, అదే పాత అలవాటు వెనక్కొస్తుంది.
3. మార్పులన్నీ ముందు తిన్నటి గీత మీద. 20 మీటర్ల వలయం పరీక్షకి మాత్రమే. అంతకంటే చిన్న వలయాలు పూర్తిగా బంద్.
4. అడిగే ముందు పగ్గాలు ఒక అంగుళం ముందుకి వదలడం. తల లేచినా లాగకుండా వాక్‌కి వచ్చి మళ్లీ అడగడం. సరిగ్గా చేసిన మార్పు తర్వాత వెంటనే వదులు పగ్గాలు.

నాలుగోది రాసినంత తేలిక కాదు. గుర్రం తల ఎత్తగానే చేతులు వాటంతటవే బిగుసుకుంటాయి. శిక్షకురాలు పక్కన నిలబడి "వదలండి" అంటూ ఉంటే తప్ప కుదరలేదు, ఇంకొకరు చూస్తూ ఉండటం నిజంగా అవసరం.

ఒకటి పనిచేయలేదు: కొండవాలు మీద ఎక్కిదిగే వాక్. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు కుడి వెనక కాలు పక్కకి వేయడం మొదలుపెట్టింది, మర్నాటి అడుగు కొలతలో కుడి +6 నుంచి +3కి పడింది. ఆపేశాక మూడో కొలతకి మళ్లీ +6. వాలు పని డాక్టరుని అడిగాకే మళ్లీ.

*లెక్కల వరస:* 15, 13, 9, (మత్తులో 4), 7, 5, 3.

ఇప్పుడున్న స్థితి

ఎడమ 0, కుడి 3, మొత్తం 3/20. అడుగు: ఎడమ +9, కుడి +8. జారుడు: 0.5 సెం.మీ. నొప్పి పట్టిక: 3/24.

మిగిలిన మూడూ కుడివైపు ట్రాట్ నుంచి క్యాంటర్‌కి మారేటప్పుడే. తల కొంచెం లేచి రెండు అడుగుల్లో దిగిపోతోంది, నోరు తెరవడం లేదు. దీన్ని శిక్షణతో ఒత్తిడి చేయడం లేదు. ఈ అంకె 5 దాటితే, లేదా జారుడు మళ్లీ 1 సెం.మీ. దాటితే సవారీ ఆపి డాక్టరుకి వీడియో పంపాలని అనుకున్నాం.

కొత్త అచ్చు తీశాను. రెండు భుజాల తేడా 1.5 నుంచి 0.7 సెం.మీ.కి వచ్చింది, మూపు వెనక గుంటలు పూడుతున్నాయి. కుడి ప్యానెల్ కింద పెట్టిన ఫెల్టు ముక్క తీసేశాను, ఇప్పుడది అక్కర్లేదు. వీపు నిండేకొద్దీ ఈ జీను కూడా ముందువైపు ఇరుకవుతోంది. అరచెయ్యి పెట్టి కాలు చాపించి చూస్తే వేళ్లు చిక్కుకోవడం లేదు గానీ ఒత్తిడి తెలుస్తోంది. లాడాలు మార్చే రోజే అచ్చు కూడా తీసి పాతదాని మీద పెట్టి చూడటం, తేడా అర సెం.మీ. దాటితే ప్యానెల్ ఉన్ని సర్దించడం: ప్రస్తుతానికి నడుస్తున్న పని ఇదే.